తడిగోడ మీది గాజు పెంకు

జనవరి 9, 2025

జర్నల్ నుంచి పేపర్ తిరిగొచ్చింది. ఇది కొత్త స్పీషీస్ అని రివ్యూయర్ ఒప్పుకున్నాడు. నా డయాటం, గాజు పెంకులో బతికే ఆ ఒంటికణపు నాచు, దాని ఆకారం నచ్చింది, బొమ్మలూ నచ్చాయి. ఆవాసం దగ్గరే పట్టుకున్నాడు. నాదర్‌గుల్‌లో వ్యవసాయ బావి అంటే చాలదట. నీళ్లలో తేలేదా, రాతిని అంటుకునేదా, బురదలోదా? అది తేలకుండా అచ్చు వేయరు.

నాకు తెలియదు. ఆ నమూనా తెచ్చింది బెన్నీ.

జనవరి 10

అప్పుడు నాకు టైఫాయిడ్. బెన్నీ నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్‌లో ట్రైనింగ్ విమానాల మెకానిక్. డ్యూటీ దిగి, నా బదులు తనే బావికి వెళ్లి సీసా నింపుకొచ్చాడు. పైన ఊరు, తేదీ రాశాడు. ఎక్కడ నింపావని అడగలేదు. అప్పట్లో ఏదైనా రేపు అడగొచ్చు అనుకునేదాన్ని.

పోయిన ఫిబ్రవరిలో వాళ్లమ్మ కిష్టమ్మ, చర్చి పిల్లే కోడలుగా రావాలని పట్టుబట్టింది. అమ్మ మాట దాటలేనని బెన్నీ నా ముందే నిలబడి చెప్పాడు. తర్వాత బేగంపేటకు మారిపోయాడు. ఫోన్లు లేవు. మా నాన్నకు ఇదేదీ తెలియదు.

జనవరి 15

నేనే బావికి వెళ్లాను. నీళ్లు, బురద, నాచు అన్నీ దిల్‌సుఖ్‌నగర్ ల్యాబ్‌కు తెచ్చి సాయంత్రం దాకా చూశాను. వేరే డయాటంలు బోలెడు. మాది లేదు.

మాది అని రాశానే.

జనవరి 18

బెన్నీకి ఒక్క ఫోన్ చేస్తే పోయేదానికి ఇన్ని తిప్పలెందుకమ్మా అన్నారు మా గైడ్ పట్టాభి సార్. ఆయనకు తెలియదు. తెలిసే అన్నారేమో.

జనవరి 22, మధ్యాహ్నం

వర్ణన మళ్లీ రాస్తున్నాను. పొడవు ఇరవై మైక్రాన్లు. కొనలు గుండ్రం. నడుము కాస్త నొక్కినట్టు. గాజు పెంకు మీద సన్నటి గీతలు. నడుమ, ఒక పక్కన మాత్రమే, ఒక చుక్క.

డబ్బాకు మూతలా రెండు పెంకులు. కణం చీలినప్పుడు రెండు పిల్లకణాలూ చెరో పెంకు తీసుకుని, రెండోది లోపల కొత్తగా కట్టుకుంటాయి. అందుకే విడిపోయిన కొద్దీ చిన్నవవుతాయి. డిగ్రీ పిల్లలకు నేను చెప్పే పాఠమే. ఇవాళ అది రాసి, లేచెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.

సాయంత్రం 5

చేశాను. రెండు రింగులకే ఎత్తాడు. అంబికా అన్నాడు. నంబర్ తీసేయలేదన్నమాట.

ఎక్కడ నింపావని అడిగాను. నీళ్లల్ల కాదు, గోడకు అన్నాడు. మోటరు పైపు కారేకాడ తడి రాళ్లుంటయి. నీళ్లు అందలే, కింద మెట్లు జారుతున్నయి, గందుకే గోడ గీకి సీసాల ఏసిన, తప్పయిందా అన్నాడు.

కాలేదన్నాను. గీ ఆదివారం డ్యూటీ ఉన్నది, పై ఆదివారం ఒచ్చి చూపిస్తా అన్నాడు.

ఫిబ్రవరి 2

చర్చి నుంచి నేరుగా ఎల్బీ నగర్ మెట్రోకు వచ్చాడు. తెల్ల చొక్కా. నా స్కూటీ మీద వెళ్లాం. ఇదివరకు భుజం పట్టుకునేవాడు. ఇవాళ వెనక కడ్డీ పట్టుకున్నాడు.

బావి గోడ మీద గోధుమరంగు జిగురు, అరచేయంత. నేను టూత్‌బ్రష్‌తో గీకాను, తను సీసా పట్టాడు. పైన ట్రైనింగ్ విమానం పోతుంటే తలెత్తి దాన్నే చూస్తూ, మంచిగనే ఉన్నవా అన్నాడు. ఉన్నానన్నాను.

మెట్రో దగ్గర దిగాక చెప్పాడు. పెండ్లి కుదిరింది, ఏప్రిల్‌ల. అమ్మాయి పేరు గ్రేస్. ల్యాబ్‌కు వచ్చి చూస్తావా అన్నాను. ఇయ్యాల వద్దులే అన్నాడు.

ఫిబ్రవరి 3

ఉంది! వేలల్లో. బతికున్నవి. ఇన్నాళ్లూ నేను చూసింది ఖాళీ పెంకులే. ఇవి కదులుతున్నాయి, నింపాదిగా, ముందుకూ వెనక్కూ.

ఎవరికి చెప్పాలో తెలుసు. చెప్పలేదు.

మార్చి 8

బెన్నీ తనంతట తనే వచ్చాడు, గ్రేస్‌ను తీసుకుని. స్లైడ్ ముందు ఆమే చూసింది. చుక్క ఒక్కదిక్కే ఎందుకుందక్కా అని అడిగింది. నాకు ఆ చుక్క కనబడటానికి వారం పట్టింది. ఎందుకో ఎవరికీ తెలియదమ్మా అన్నాను. ఆమె మంచిది కాకపోతే బాగుండేది.

బెన్నీ చాలాసేపు చూశాడు. లేచి కన్ను తుడుచుకున్నాడు. అలవాటు లేనివాళ్లకు మైక్రోస్కోప్‌తో నీళ్లొస్తాయి.

ఏప్రిల్ 24

పెళ్లికి వెళ్లలేదు.

సెప్టెంబర్ 12

పేపర్ అచ్చయింది. ఆవాసం: వ్యవసాయ బావి, నీటిమట్టానికి పైన తడి రాళ్లు. సేకరణ: బెన్నీ, అంబిక.

నాన్నకు చూపించాను. నా పేరు మీద వేలు పెట్టి, గీ పక్కకున్నది ఎవరు బిడ్డా అన్నాడు.

నమూనా తెచ్చినతను నాన్నా అన్నాను.