కుప్ప వేడెక్కింది

మార్చి 1, ఉదయం 6. ఈ రోజు నుంచి పెరట్లో ఎరువు కుప్ప. కోడలు పెరడంతా సిమెంటు చేయిస్తానంటోంది. "నెలాఖరుకి మేస్త్రీ వస్తాడత్తయ్యా. ఈలోపు ఆ చెత్త ఎరువైతే ఆ మూల మీకు వదిలేస్తా. లేదంటే సిమెంటే." సరేనన్నాను. మట్టిలో చెయ్యి పెడితేనే నాకు దిగులు తగ్గుతుంది. తొక్కలు, ఎండుటాకులు, కాస్త మట్టి. నర్సరీ అతను చెప్పినట్టే పొరలు పొరలుగా వేశాను. ఇంతేనా!

మార్చి 3. రోజుకు ఒక్కసారే చూడాలని నియమం. ఇవాళ ఏడుసార్లు చూశాను. వాసన లేదు. లేకపోవడం మంచిదేనా?

మార్చి 6, ఉదయం 5.40. కుప్పలోంచి ఆవిరి. చెయ్యి పెడితే కాలింది. గోడకు అవతలే గ్యాస్ బండ. నాలుగు బకెట్ల నీళ్లు పోశాను. సాయంత్రం మళ్లీ రెండు. కోడలికి చెప్పలేదు.

మార్చి 7. చల్లబడింది. గండం గడిచింది. ఎందుకైనా మంచిదని ఇంకో రెండు పోసి, పైన పట్టా కప్పి ఇటుకలు పెట్టాను.

మార్చి 12. కోడలు అడిగింది. "ఎక్కడైనా ఎలుక చచ్చిందా అత్తయ్యా?" "ఏమో తల్లీ" అన్నాను. అబద్ధమేం కాదు. లోపల ఏముందో నాకేం తెలుసు.

మార్చి 17. మోకాళ్ల నొప్పి. అటు వెళ్లలేదు.

మార్చి 18. ఎండ.

మార్చి 19. జలుబు రాకూడదా, ఈ ముక్కుకు?

మార్చి 24. నర్సరీ అతను చూసిపోదామని వచ్చాడు. పట్టా ఎత్తి, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"వేడెక్కలేదామ్మా?"

"ఎక్కింది. నేనే ఆర్పేశాను."

పట్టా మళ్లీ దించేశాడు. "వేడెక్కితేనే కదమ్మా ఎరువయ్యేది. ఉడికే కుండ కింద పొయ్యిలో నీళ్లు పోసుకున్నారు."

యాభై ఏళ్లుగా వంట చేస్తున్నాను. ఉడికేదేదో, తగలబడేదేదో తెలియలేదు.

మార్చి 30. మేస్త్రీ వచ్చాడు. పెరటి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఈ కంపులో నా మనుషులు పని చెయ్యరమ్మా. ఇంకో నెల పోయాక చూద్దాం."

కోడలు నా వంక చూసింది. "ఎరువుతో కాకపోయినా కంపుతో గెలిచారత్తయ్యా. నెల. ఇదే ఆఖరు." మధ్యాహ్నమంతా ఆ తడి చెత్తను ఎండలో పరిచాను.

మార్చి 31, ఉదయం 6. మొదటి రోజు. ఎండుటాకులు బాగా కలిపి కొత్త కుప్ప వేశాను. ఈసారి వేడెక్కినా ముట్టుకోను. రోజుకు ఒక్కసారే చూస్తాను. బకెట్ మాత్రం పక్కనే పెట్టుకున్నాను. సగమే నింపాను.