కెమెరా కంటికి బొట్టు

చిలకలగూడ,
దసరా వెళ్లిన సోమవారం, పొద్దున్నే

పూజ్యులైన చిన్నాయనకు,

కరెంటు కనిపెట్టినవాడి తరఫున, షట్టరు కనిపెట్టినవాడి తరఫున, మన వంశంలో పుట్టిన, పుట్టబోయే వెధవలందరి తరఫున ముందుగా క్షమాపణ వేడుకుంటున్నాను. మీరు నా ఫోన్ ఎత్తడం లేదు కనుక ఈ ఉత్తరం చెల్లెలు భవానితో పంపుతున్నాను.

మన ట్రైనింగ్ సెంటర్ షట్టరు దానంతటదే లేచి పడుతుంటే, "పాత కిరాయిదారు ఆత్మరా" అన్నారు మీరు. "దానికి సుత జీతమిద్దామా చిన్నాయనా?" అన్నందుకు నన్ను గెంటేశారు. న్యాయమే.

ఇవాళ పదింటికి ఆ షట్టరు చూడడానికి ఎలక్ట్రీషియన్ విజయేందర్ వస్తాడట. "కరెంటు ఉండంగనే చెయ్యి పెట్టి చూడాలె, లేకుంటే దయ్యం దొరకది" అన్నాడట. దయచేసి ఆయన్ని నిచ్చెన ఎక్కనివ్వకండి. సరిగ్గా అప్పుడే మన విద్యార్థులు ఎవరిళ్లలోంచి వాళ్లు సెంటర్‌లో ఉన్న కంట్రోల్ బోర్డులోకి లాగిన్ అయి, మోటారు తిప్పే పాఠం మొదలుపెడతారు. బోర్డును వాళ్లకు చూపించే కెమెరా కంటికే ఆయుధపూజ నాడు చిన్నమ్మ భక్తిగా బొట్టు పెట్టింది. ఇక వాళ్లకు ఎరుపు తప్ప ఏమీ కనబడదు. మోటారు తిరగలేదేమోనని మళ్లీ మళ్లీ బటన్ నొక్కుతారు. అక్కడ ఒక మనిషి చెయ్యి ఉందని వాళ్లకేం తెలుసు?

ఇది చదవగానే మెయిన్ ఆపేయండి. తిట్లు తర్వాత.

"పాఠంలోది అరచేతిలో పట్టే బొమ్మ మోటారే గదరా" అంటారు మీరు. అది కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా పాఠం ఆగకూడదని, బోర్డు తీగలను షట్టరు మోటారుకు కలిపింది ఆత్మ కాదు చిన్నాయనా, నేనే.