రంగు ఆరేదాకా ముట్టుకోకు

ఒరేయ్ తమ్ముడూ, నేను డ్యూటీకి వెళ్తున్నా. లేవగానే నీ కంప్యూటర్‌ని నీళ్లతో చల్లబరిచే ఆ రెండు రేడియేటర్ల మీద పడకు, రంగు ఇంకా పచ్చిగానే ఉంది. దుమ్ము అంటిన చోటల్లా గరుకు కాగితంతో రుద్ది మళ్లీ నల్లరంగు కొట్టాను. సన్న రేకుల్లోకి రంగు పోతే గాలి ఆడదని వాటి మీద కాగితం అంటించాను. ఆరాక మెల్లగా ఊడదియ్యి. మధ్యాహ్నం దాటాక బిగించుకో. పొట్టి స్క్రూలే వాడు. పొడుగువి లోపలి గొట్టంలోకి దిగాయంటే నీళ్లన్నీ కారి నీ కంప్యూటర్ తగలబడుతుంది.

అవును, నిన్న కిటికీ తీసింది నేనే. ఆ రంగు వాసనకి అమ్మకి ఊపిరాడలేదు. పచ్చి రంగు మీద దుమ్ము పడిందని నువ్వు కుర్చీ విరగ్గొట్టావు, ఫ్యాన్‌ని గోడకేసి బాదావు, అడ్డొచ్చిన నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చావు. ఇంకోసారి నా మీద చెయ్యి లేచిందా, సుత్తి తీసుకుని ఆ కంప్యూటర్ పెట్టెని నుగ్గునుగ్గు చేస్తాను. ఆ తర్వాత నీ వేళ్ల సంగతి చూస్తాను. అమ్మ మీద ఒట్టు.

కూర గిన్నె మీద మూత పెట్టాను. వేడి చేసుకుని తిని చావు.

అక్క

మర్చిపోయా. రేడియేటర్లు బిగించే స్క్రూడ్రైవర్ కోసం ఇల్లంతా వెతక్కు. నిన్న నువ్వు నా మీదకి విసిరినప్పుడు దిగబడిన చోటే ఉంది, వంటగది తలుపులో, సరిగ్గా నా కంటి ఎత్తున. అమ్మ పీకబోతే నేనే వద్దన్నాను. నువ్వే పీకు. ఎంత లోతు దిగిందో నీ చేతికి తెలియాలి.