బార్బడోస్ వెళ్లని రైస్ కుక్కర్

శనివారం, లూకన్

మా సైకిల్ గ్రూపులోని ప్రసాద్ అన్నయ్య కోవిడ్‌తో పోయి నేటికి నెల. పొద్దున వదిన మా గుమ్మంలో ఒక సంచి పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి నిలబడింది.

"వంటింటి ప్రెస్‌లో, గిన్నెల వెనక ఉంది సురేష్. మీ బార్బడోస్ సామానే కదా, నువ్వుంచుకో," అంది. లోపలికి రమ్మనడానికి లేదు. ఆమె వెళ్లిపోయింది.

సంచిలో, మా బార్బడోస్ సైకిల్ యాత్ర కోసం అన్నయ్య తీసిపెట్టిన చిన్న రైస్ కుక్కర్. ఆ దీవిలో తిండి ఖరీదు, ఆరుగురం పగలంతా సైకిళ్లు తొక్కి రాత్రికి గదిలోనే వండుకుందామని అన్నయ్య పట్టుబట్టాడు. "అంత దూరం పోయి పప్పన్నమా? మరీ ఇంత పిసినారితనమా అన్నయ్యా?" అని గ్రూపు చాట్‌లో అందరి ముందూ రాశాను. ఇక్కడి ఐరిష్ వాళ్లు సరేలే అనడానికి వాడే "గ్రాండ్" అన్న ఒక్క మాట పెట్టాడు.

ఆ వారమే లాక్‌డౌన్ పెట్టారు. ప్రయాణం ఆగిపోయింది. ఫోన్ చేసి సారీ చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఏడాది గడిపేశాను. అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. నేను ఫోన్‌లో చూశాను.

కుక్కర్ మూత తీస్తే లోపల మడిచిన కాగితం. దారిలో ఎవరు ఏం మోయాలో అన్నయ్య చేతిరాతలో ఉంది. ఒకరికి గాలి పంపు, ఒకరికి మందులు. తన పేరు పక్కన కుక్కర్, బియ్యం. నా పేరు చివర్న ఉంది.

"సురేష్‌కి ఏమీ వద్దు. మోకాలు నొప్పి, పైకి చెప్పడు. వాడి బ్యాగు కూడా నేనే తెస్తా."

నా మోకాలి సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదు.