మాణిక్ మామ అడిగిన కరెంటు

మంగళవారం, రాత్రి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. గాంధీ గంజ్ మార్కెట్లో బస్తాలు మోసే మాణిక్ మామకు ఆరు నెలల క్రితం మా ల్యాబులో, చేతికి చిన్న చిన్న కరెంటు షాకులిచ్చి చేసే నరాల పరీక్ష చేశాను. ఇవాళ మళ్లీ వచ్చాడు. "అప్పుడు నువ్వు కరెంటు పెట్టినంక చెయ్యి జర హల్కా అయింది బిడ్డా, తిమ్మిరి తగ్గింది. ఇంకోసారి పెట్టు," అన్నాడు. పరీక్షనే వైద్యం అనుకున్నాడు. డాక్టరు చూడాల్సిన రిపోర్టు మడత విప్పకుండా ఆయన సంచిలోనే ఉంది. బొటనవేలి కింద కండ కరిగి గుంట పడింది. అప్పుడే చూపించుకుంటే ఇంతదాకా వచ్చేదా?

మా ల్యాబ్ మేనేజరేమో, "ఆయనే అడుగుతుండు గద సునీతమ్మా, పెట్టెయ్. వచ్చినోణ్ణి వాపస్ పంపుతమా?" అన్నాడు. పెట్టనని మొహం మీదే చెప్పాను. పరీక్షలు ఎన్ని అయ్యాయని రోజూ అడుగుతాడు, రోగికి అర్థమయ్యేలా చెప్పారా అని ఒక్కనాడూ అడగడు.

మామను కూర్చోబెట్టి, అది జబ్బు కనుక్కునే పరీక్షేనని, నయం చేయదని చెప్పాను. ఆయన బొటనవేలి కింది గుంటను రెండో చేత్తో తడుముకున్నాడు.

"ఆ రోజే చెప్తే అయిపోతుండె గద బిడ్డా," అన్నాడు.

ఆ రోజు గదిలో ఆయనతో ఉన్నది నేనొక్కదాన్నే. "కరెంటు పెడుతున్న మామా, జర ఓర్చుకో," అన్నాను. అంతకుమించి ఒక్క మాటా చెప్పలేదు.