ఆదర్శ్ నాయనమ్మ పంపిన పెన్ డ్రైవ్

ప్రగతి నగర్,
సోమవారం

రాయదుర్గం కంప్యూటర్ రిపేరు షాపు ఓనరు విశ్వేశ్వరరావు గారికి, మీ దగ్గర పనిచేసే ఆదర్శ్ నాయనమ్మ వీరలక్ష్మి నమస్కారాలు.

మీరంతా కులాసా అనుకుంటాను. మేమూ కులాసా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నిన్న అన్నం తింటూ మావాడు మాటల్లో అన్నాడు, "ఇవాళ ఒకే కంప్యూటర్లో పదిహేడు వైరస్‌లు నాయనమ్మా, అన్నీ చేత్తోనే తీశాను" అని. ఆ చేత్తోనే పప్పన్నం కలుపుతున్నాడు. కరోనా రోజుల్లో పాల ప్యాకెట్టును కూడా సబ్బుతో కడిగిన మనిషిని నేను.

నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది, మీ విద్య నాకు తెలియదు. కానీ బట్టలకీ గిన్నెలకీ మిషన్లు వచ్చాయి కదా. ఆ పాడు పనికీ ఒక మిషను కొనండి బాబూ. పిల్లవాడి చెయ్యి పెట్టించకండి. ఫోన్ చేద్దామంటే మావాడు నా ఫోన్ తీసి ఎవరికి చేశానో చూస్తాడు. అందుకే రోజూ మీ వైపు వచ్చే ఆటో స్వామికి ఉత్తరం ఇస్తున్నాను. "ఫికర్ చేయకమ్మా, సార్ చేతులనే పెడ్త" అన్నాడు. జవాబూ అతనికే ఇవ్వండి.

ఇట్లు,
కంటికి కునుకు లేని
వీరలక్ష్మి

తా.క. రబ్బరు గ్లౌజులు రెండు జతలు పంపుతున్నాను. ఒకటి ఆదర్శ్‌కి, ఒకటి మీకు. మీ ఇంట్లోనూ బెంగపడేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

రాయదుర్గం,
మంగళవారం

వీరలక్ష్మి గారికి విశ్వేశ్వరరావు నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. భయపడకండి. కంప్యూటర్ వైరస్ మనుషులకు అంటదు. అది ఎవరో దొంగబుద్ధితో రాసి వదిలిన ప్రోగ్రామ్, అంతే. చేత్తో తీయడం అంటే కంప్యూటర్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసి, ఏది ఇంటిది, ఏది దొంగది అని తేల్చి, దొంగదాన్ని తీసేయడం. ఆ పనిలో మీ మనవడికి ఓపిక ఎక్కువ. ఒక్కోసారి నాకున్నదానికంటే కూడా.

ఇంకో శుభవార్త. మీరు చెప్పకముందే మిషను లాంటిది ఒకటి కొన్నాను. అదీ ప్రోగ్రామే. ఒక్క బటన్ నొక్కితే తనే వెతికి, తనే పట్టుకుని, తనే తీసేస్తుంది. ఆదర్శ్‌కి రోజంతా పట్టే పని గంటలో అయిపోతుంది. కాబట్టి ఇక నిశ్చింతగా ఉండండి.

భవదీయుడు,
విశ్వేశ్వరరావు

తా.క. గ్లౌజులు వేసుకుని చూశాను. ఒక అక్షరం నొక్కితే మూడు పడుతున్నాయి.

ప్రగతి నగర్,
శుక్రవారం

విశ్వేశ్వరరావు గారికి వీరలక్ష్మి నమస్కారాలు. ఈసారి కులాసా సంగతి అడగకండి.

మీ ఉత్తరం చూసి రెండు రోజులు హాయిగా పడుకున్నాను. మూడో రోజు పొద్దున కూర తరుగుతుంటే తట్టింది. రోజంతా పట్టే పని గంటలో అయితే, మిగతా గంటలు మావాడు ఏం చేస్తాడు? సాయంత్రం అడిగితే "ఏం లేదులే నాయనమ్మా" అని సగం అన్నం వదిలేశాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. నెలాఖరుకి మీరు ఒక్కరినే ఉంచుకుంటారట, వాడినో కళ్యాణి అనే అమ్మాయినో. ఆ అమ్మాయి మిషను మీద గబగబా చేస్తుందట. మావాడిది నెమ్మదట.

మిషను కొనమన్నది నేనే. నా నోటితో నేనే వాడి అన్నంలో మట్టి కొట్టాను. మీరు ముందే కొన్నానన్నారు గానీ, అది నా మనసు కుదుటపడాలని అన్న మాటేమో. దయచేసి దాన్ని వెనక్కి ఇచ్చేయండి. మిషనులో శుభ్రం చేశామని రాసిన కందిపప్పే మేమూ కొంటాం. అయినా చేటలో పోసి చూడకుండా కుక్కర్లో పెట్టను. పోయిన నెల అందులో గాజుపెంకు దొరికింది. మిషనుకి అది పప్పులాగే కనిపించి ఉంటుంది, దాని తప్పు కాదు. తినేవాళ్లు ఎవరో దానికి తెలియదు కదా.

ఇవ్వడం కుదరకపోతే, ఆంజనేయస్వామి పాటల పెన్ డ్రైవ్ పంపుతున్నాను, కనీసం అదైనా కొత్త మిషనుకి వినిపించండి. పూజ చేయకుండానే పనిలో పెట్టి ఉంటారు. మిగతా కంప్యూటర్లకీ విడివిడిగా పెట్టండి, ఒకదానికి పెట్టి ఇంకోదానికి మానేయకూడదు.

ఇట్లు,
మీ కాళ్లావేళ్లా పడుతున్న
వీరలక్ష్మి

తా.క. పెన్ డ్రైవ్ మా అపార్ట్‌మెంట్ భజన బృందానిది. శనివారం లోపల పంపకపోతే సెక్రటరీ భీమేశ్వరరావు గారు నన్ను తాళాలు వాయించనివ్వరు.

రాయదుర్గం,
సోమవారం

అమ్మా, నమస్కారం.

పెన్ డ్రైవ్ ఆలస్యమైనందుకు క్షమించండి. జరిగింది చెబుతాను, మీరు ముందు కూర్చోండి.

ముక్కూమొహం తెలియని పెన్ డ్రైవ్ పెట్టకండని షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించినవాడిని నేనే. ఆంజనేయుడి పాటలు కదా అని పెట్టేసినవాడినీ నేనే. మీరు చెప్పినట్టు అన్నిటికీ విడివిడిగా పెట్టాను. ఆఖరిదాంట్లో రెండో పాట సగంలో ఉండగా ఐదు కంప్యూటర్లలోని ఫైళ్లన్నీ మాయమయ్యాయి.

కళ్యాణి పరుగున వచ్చి ఇంటర్నెట్ తీగలు పీకేసింది, లేకపోతే కస్టమర్లవి కూడా పోయేవి. తర్వాత కొత్త ప్రోగ్రామ్ నడిపించాం. అంతా శుభ్రం అని పచ్చగా టిక్కు పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అదే గోల. మూడుసార్లు ఇంతే. నాలుగోసారి మా షాపు రశీదులు రాసే ప్రోగ్రామ్‌నే దొంగ అని పట్టుకుని తుడిచేసింది.

అప్పుడు ఆదర్శ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కంప్యూటర్ వేయగానే తమంతట తాము మొదలయ్యేవాటి పేర్లన్నీ వరసగా చదివాడు. ఒకచోట ఆగి, "సార్, జర ఇది చూడండి, పేరు మనోళ్లదే, ఇల్లు మాత్రం వేరే" అన్నాడు. అసలు ఫైలు పేరే పెట్టుకుని వేరే చోట దాక్కుందది. ఐదింటిలోంచీ చేత్తో ఏరి తీశాడు. అది దాచేసిందే గానీ తుడిచేయలేదు గనక మాయమైనవన్నీ తిరిగొచ్చాయి.

ఆదర్శ్‌ని పర్మనెంట్ చేశాను. ఇద్దరికి సరిపడే పని లేదు గనక కళ్యాణికి నెలాఖరు వరకే అని చెప్పాను. ఆ మాట చెప్పడం నాకూ బాగాలేదు.

మీ
విశ్వేశ్వరరావు

తా.క. పెన్ డ్రైవ్ శుభ్రం చేసి పంపుతున్నాను. పాటలు భద్రం. రెండో పాట మిగతా సగం ఆదర్శ్ వినిపించాడు.

ప్రగతి నగర్,
మంగళవారం

విశ్వేశ్వరరావు గారికి, మీ షాపుని ముంచిన వీరలక్ష్మి నమస్కారాలు.

కూర్చునే చదివాను. మావాడి సంగతికి దేవుడికి దీపం పెట్టాను, కానీ వెలిగిస్తుంటే ఆ కళ్యాణే కళ్లలో మెదిలింది. తీగలు పీకింది ఆ పిల్లే కదా. ఇవాళ వాళ్లింట్లోనూ ఎవరో పక్కన కూర్చుని, అన్నం ఎందుకు వదిలేశావమ్మా అని అడుగుతూ ఉంటారు. ఆ పిల్లని పంపకండి బాబూ.

పని లేదంటారు. పని నేను పంపుతున్నాను. ఆ పెన్ డ్రైవ్ మీ దగ్గరికి రాకముందు మా అపార్ట్‌మెంట్‌లో ఎక్కడెక్కడ తిరిగిందో ఇవాళ ఒక్కో తలుపూ తట్టి అడిగాను. పాటలు ఎక్కించుకున్నవాళ్లు పద్నాలుగు ఇళ్లు. అందరిదీ అదే గోల. ఫైళ్లు అల్లుడే పోగొట్టాడని భీమేశ్వరరావు గారు రెండు నెలలుగా అతనితో మాట్లాడటం లేదు. ఇంట్లోంచి ఆఫీసు పని చేసుకునే మూడో అంతస్తు ప్రియాంక అయితే ఏడుపొక్కటే తక్కువ. అందరికీ మీ షాపు పేరే చెప్పాను. మిషను ఒక్కటే చాలదు, చేత్తో చూసేవాళ్లు ఇద్దరున్నారని కూడా చెప్పాను. ఇప్పుడు నన్ను అబద్ధాలకోరుని చేయకండి.

ఇట్లు,
మీ క్షేమం కోరే
వీరలక్ష్మి

తా.క. కవరు అంటించబోతుంటే భీమేశ్వరరావు గారు వచ్చి చెప్పారు. పోయిన నెల పక్క అపార్ట్‌మెంట్ వాళ్లూ ఆ పెన్ డ్రైవ్ పట్టుకెళ్లి అందరూ పాటలు ఎక్కించుకున్నారట. అక్కడ నూట ఇరవై ఫ్లాట్లు. మూడో మనిషి కావాలేమో, ఇప్పటినుంచే చూసుకోండి.