చీకటి సార్

జూలై 3
కొత్త స్కూల్లో చేరి నెలయింది. సైన్స్ టీచర్ని. సైన్స్ ల్యాబ్ లోపల ఎలా ఉంటుందో ఇంకా తెలీదు. తాళంచెవి హెడ్‌మిస్ట్రెస్ గారి బీరువాలో ఉంది. ఏదైనా పగిలితే పైవాళ్ళకి సంజాయిషీ రాసుకోవాలి, ఎందుకమ్మా నీకా తలనొప్పి అన్నారు.

జూలై 9
మైక్రోస్కోప్ బోర్డు మీద గీసి చెప్పాను. ఒకమ్మాయి ఉంది, పిల్లలు ‘చీమ’ అంటారు. ఇంతే ఉంటుంది, ఒక్కచోట కుదురుగా కూర్చోదు. నిజంది ఎప్పుడు చూపిస్తారు మేడమ్ అంది. త్వరలో అన్నాను. అబద్ధమాడినట్టే ఉంది.

జూలై 10
తాళంచెవి అడిగాను. రేపు చూద్దాం అన్నారు.

జూలై 24
ఆ రేపు ఇంకా రాలేదు.

ఆగస్టు 6, సాయంత్రం 5
రేపు పెద్ద ఆఫీసర్ వస్తున్నాడని ల్యాబ్ తెరిచారు. పన్నెండు మైక్రోస్కోప్‌లు. కొన్నప్పటి ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ‘నవకల్పనలో దేశం ముందంజ’ అని గోడంత బ్యానర్ తెచ్చాడు అటెండర్. చోటు లేక, ఉన్న ఒక్క కిటికీ మీదే బయటినుంచి మేకులు కొట్టాడు. వీటికి బల్బు ఉండదు, కిటికీ వెలుతురు పడితేనే కనిపిస్తుందని మొత్తుకున్నాను. ఒక్కరోజుకి సర్దుకోమన్నారు హెడ్‌మిస్ట్రెస్. కనిపించకపోయినా కణాలు కనిపిస్తున్నాయని చెప్పమని పిల్లలకి నేర్పారు.

ఆగస్టు 7
సైన్స్‌లో దేశం ముందుండాలంటే బడిలోనే పెట్టుబడి పెట్టాలన్నాడు ఆఫీసర్. పెట్టారుగా, కవర్లతో సహా. తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినీ మైక్రోస్కోప్‌లో చూడమన్నాడు. ముందు అయిదుగురూ కణాలు సార్ అన్నారు. చీమ చాలాసేపు చూసింది. చీకటి సార్ అంది. ఆయన నవ్వి, ఈ అమ్మాయి సైన్స్‌లో వీక్ అన్నాడు. రిజిస్టర్‌లో రాశాడు కూడా.
ఆ గదిలో నిజంగా చూసి చెప్పింది ఆ పిల్లొక్కతే. నేను నోరు మెదపలేదు.

ఆగస్టు 8
చీమ రాలేదు.

ఆగస్టు 11
ఇవాళా రాలేదు. వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. సైన్స్ తనకి రాదని ఒకటే ఏడుపట, బడి మాన్పించి పెద్దమ్మ దగ్గర కుట్టుపనికి పంపుదామనుకుంటున్నారట.
వెళ్ళి బ్యానర్ నేనే విప్పాను. మేకులు పీకేసరికి బొటనవేలి గోరు చితికింది. ఆ వేలితోనే ఆఫీసర్‌కి ఉత్తరం రాశాను. చీకటిని చీకటి అన్న పిల్ల వీక్ కాదు, తెలిసీ ఊరుకున్న నేను వీక్ అని. ఇది పైకి వెళ్తే నీకు బదిలీ ఖాయమమ్మా అన్నారు హెడ్‌మిస్ట్రెస్. పంపించండి అన్నాను. సాయంత్రం చీమ వాళ్ళింటికి వెళ్ళి, ఆ పిల్ల ముందే ఆ ఉత్తరం నకలు చదివి వినిపించాను.

ఆగస్టు 12
వచ్చింది. మొదటి బెంచీలో కూర్చుంది.

ఆగస్టు 25
బదిలీ ఆర్డర్ వచ్చింది. సోమవారంలోపు వెళ్ళాలి. అప్పటిదాకా ల్యాబ్ నీదే అని హెడ్‌మిస్ట్రెస్ తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఇచ్చేది ఇప్పుడా.

ఆగస్టు 27
మైక్రోస్కోప్‌లో చూడ్డానికి అందరికీ ఉల్లిపొర ఇచ్చాను. చీమ వద్దంది. తన చెంప లోపలివైపు పుల్లతో గీకి గాజుపలక మీద పెట్టుకుంది. ఎంతసేపటికీ కన్ను తియ్యలేదు.
ఇది నేనేనా మేడమ్ అని అడిగింది.